నిమ్మాకులోని వెండిదారి

హైదరాబాదునకు వచ్చు సోదరీమణులు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు బోయి, 1939వ సంవత్సరమున ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల రాతిమేడను జూచి యానందింతురు. అచ్చటినుండి తార్నాకకు నడచిపోవునపుడు మరియొక వింతను గూడ జూడవచ్చును. దానికి తలయెత్త నక్కరలేదు. ఒక నిమ్మచెట్టు లేతయాకును చేతబట్టి చూచిన చాలును.

తార్నాకలో మేడలు పెరిగి పెరళ్లు తరిగినవి. అయినను మిగిలిన జానెడు చోట నిమ్మమొక్కను బెంచుకొను ఇల్లాండ్రు కలరు. దాని చిగురాకులపై వెండితీగవలె మెలికలు తిరిగిన గీత కానవచ్చును. రైతులు దీనిని పాముపొడ యందురు. ఇది పాము చేసినది కాదు. బియ్యపుగింజకంటె పెద్దది కాని యొక రెక్కలపురుగు సంతానము నడచిన దారి. 1856లో స్టెయింటన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కలకత్తానుండి వచ్చిన పురుగులను జూచి దీనికి ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా యని పేరిడెను. 1993 నాటికిది అమెరికాలోని ఫ్లోరిడా తోటలకును ప్రాకెను.

తల్లి లేతయాకుపై గ్రుడ్డు పెట్టును. పిల్ల ఆకు పైపొర క్రిందికి జొచ్చి రసము త్రాగుచు సాగిపోవును. అది పెరిగిన కొలది దారియు వెడల్పగును. నడుమనున్న నల్లనిగీత దాని మలము. తుదకు ఆకు అంచును మడిచి, పట్టుదారముతో బంధించి, అందు నిద్రించి రెక్కలతో వెలువడును.

ఇది కనబడగానే కొందరు విషపుమందు తెచ్చి చల్లుదురు. పిల్లలాడుకొను పెరటిలో, మజ్జిగకు ఆకు త్రుంచుకొను చెట్టుపై ఇది తగునా? పొరక్రింద దాగినదానికి ఆ మందు సులభముగ తగులదు. దానిని చంపు చిన్న కందిరీగలు మాత్రము నశించును. పెద్దచెట్టునకు ఈ పురుగువలన ప్రాణభయము లేదు. చిన్నమొక్క మాత్రము కుంగును. ఆ గాయములగుండ గజ్జితెగులును జొచ్చును. కావున అకాలమున కొమ్మలు కత్తిరించి, ఎరువు మితిమీరవేసి, మాటిమాటికి చిగురు రప్పింపరాదు. చిన్నమొక్క చిగురుపై వేపగింజల కషాయము చల్లవచ్చును. గీతపడిన ఆకులన్నిటిని దూయరాదు. వానిలో మిగిలిన పచ్చదనమే మొక్కకు అన్నము.

1944లో స్థాపితమై, నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థయని పిలువబడు పరిశోధనశాల తార్నాకలోనే కలదు. ఆడపురుగు వాసనను బోలిన పదార్థములతో మగపురుగులను ఉచ్చులకు రప్పించు ఉపాయములపై అచ్చట కృషి జరిగినది. విషము చల్లకయే పంటను గాచు మార్గములను పండితులు వెదకుచుండ, మన పెరటిలో మనము తొందరపడనేల? సోదరీమణులారా, మందుసీసా తెరచుటకు ముందొకసారి ఆకును వెలుగున కెదురుగ బట్టి చూడుడు.