సున్నా రోజులు

టెక్కలిలో డిప్లొమా చదువుతున్న ఆ అమ్మాయికి క్లాసులో ఇచ్చిన లెక్క చిన్నదే. కంప్యూటరు ఒక్కో అంకె అడుగుతూ ఉండాలి, మనం ఇస్తూ పోవాలి. సున్నా కొడితే ఆగి, మొత్తమూ సగటూ చెప్పాలి. సి భాషలో దీనికి వైల్ లూప్ వాడతారు. అంటే, పెట్టిన షరతు నిజమైనంతసేపూ ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం.

మొదటిసారి 5, 6, 7 ఇస్తే మొత్తం 7 అంది! మొత్తాన్ని సున్నా చేసే వాక్యం లూపు లోపల ఉండిపోయింది మరి. ప్రతి చుట్టుకీ పాత కూడిక చెరిగిపోతోంది. ఆ ఒక్క వాక్యాన్నీ లూపు కంటే పైకి జరిపితే 18 వచ్చింది. మాస్టారు సరేనన్నారు.

అసలు పరీక్ష ఉద్దానంలోని ఇంట్లో ఎదురైంది. తల్లి పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు మీది పొర తీస్తుంది. ఎన్ని కిలోలు తీస్తే అంత కూలి. ఏ రోజుకారోజు పుస్తకంలో రాసుకోవడం ఆమెకు అలవాటు. పాత ల్యాప్‌టాప్ ముందేసుకుని కూతురు ఆ వారం అంకెలు కొట్టింది: 9, 8, 10, 0... అక్కడే ప్రోగ్రాం ఆగిపోయింది. మొత్తం 27.

"ఇంకా శుక్రారం తొమ్మిది ఉంది కదేటి! నీ మిషను తినేసిందేటి?" అంది తల్లి.

క్లాసులో సున్నా అంటే 'అయిపోయింది' అని. తల్లి పుస్తకంలో సున్నా అంటే పని దొరకని రోజు. కూతురు ఆలోచించి, ఆపే గుర్తును -1కి మార్చింది. పని ఎంత లేకపోయినా కిలోలు సున్నా కంటే కిందికి దిగవు కదా! ఈసారి 9, 8, 10, 0, 9, 0 ఇస్తే 36 వచ్చింది.

మరి సగటు? పని చేసిన నాలుగు రోజులతో భాగిస్తే 9. ఆరు రోజులతో అయితే 6. కూతురికి తొమ్మిదే నచ్చింది.

"పని లేన్రోజు తినమేటి? ఆరు రోజులూ లెక్కెయ్."

ఆమాట అని, పెట్టె అడుగు నుంచి పాత పుస్తకం ఒకటి తీసింది తల్లి. 2018 అక్టోబరు. ఆ నెల 11న తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ ఒక్కటిగా నేలకూల్చింది.

"పదో తారీకు ఎనిమిది. పదకొండు, సున్నా. పన్నెండు, సున్నా. పదమూడూ అంతే..."

కూతురు ఒక్కో సున్నా కొట్టి ఎంటర్ నొక్కుతోంది. ప్రతిసారీ తెర మీద అదే ప్రశ్న: 'తర్వాత?'