బస్సెక్కి భీమిలికి

"మనకు కారు ఉంటేనా, ఎక్కడెక్కడికో వెళ్ళేవాళ్ళం!" అని మీ ఇంట్లో ఎవరైనా అంటూంటారా? అయితే ఈసారి సెలవులకు ప్రయాణం ఏర్పాటు చేసే పని మీరే పుచ్చుకోండి. రెండు రాత్రులు చాలు. ఊరి పేరు భీమునిపట్నం. అందరూ భీమిలి అంటారు. బకాసురుణ్ణి భీముడు చంపినది ఇక్కడేనని ఆ ఊరివాళ్ళు చెప్పుకుంటారు.

విశాఖపట్నం దాకా రైలున్నది. అక్కడినుంచి సముద్రం వెంబడే ఈశాన్యంగా సుమారు 25 కిలోమీటర్లు పోతే భీమిలి వస్తుంది. రైల్వేస్టేషను దగ్గిరే ఆర్.టి.సి. సిటీ బస్సు దొరుకుతుంది. అయితే ఎక్కబోయే ముందు, "ఇది బీచి రోడ్డున పోతుందా?" అని కండక్టరును అడగండి. లోపలి దారిన పోయే బస్సులూ ఉన్నాయి. వాటిలో ఎక్కితే భీమిలి చేరతారు గాని, దారిలో సముద్రం కనిపించదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళకు ఈ సిటీ బస్సులలో చార్జీ లేదు. కనక అమ్మా, నాయనమ్మా తమ గుర్తింపు కార్డులు చేతిలో ఉంచుకోవాలి. పెట్టె అడుగున పెడితే బస్సులో తీయటం కష్టం.

బస్సులో ఏ పక్కన కూర్చోవాలి? ఇది మీరు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒక కాగితం మీద దిక్కులు గీయండి. బస్సు ఈశాన్యంగా పోతుంది, సముద్రం తూర్పున ఉన్నది. కాబట్టి అది కుడిచేతి వైపు కనిపిస్తుంది. మధ్యాహ్నం దాటాక బయలుదేరితే సూర్యుడు పడమటికి తిరిగి, ఎండ ఎడమవైపు పడుతుంది. అంటే కుడి కిటికీకి నీడా ఉంటుంది, సముద్రమూ ఉంటుంది! తిరిగి వచ్చేటప్పుడు కూడా మధ్యాహ్నమే బయలుదేరండి. అప్పుడు ఎడమపక్క కూర్చోవాలి.

ప్రయాణం ఎప్పుడు పెట్టుకోవాలనేది ఇంతకంటే ముఖ్యమైన సంగతి. అక్టోబరు, నవంబరు నెలలలో తుపానుల భయం ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గిరే తీరం దాటింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మరపడవల వేట ఆపేస్తారు. అప్పుడు వెళితే తీరాన సందడి తగ్గి ఉంటుంది, ఎండా ఎక్కువే. కనక డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికన్నా మంచి కాలం. సంక్రాంతి రోజులైతే తేగలు కూడా దొరుకుతాయి.

నెల నిర్ణయించుకున్నాక పంచాంగం తీసి తిథి చూడండి. ముహూర్తం కోసం కాదు, చంద్రుడి కోసం! మన తూర్పు తీరాన సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడే గాని, సముద్రంలో అస్తమించడు. అయితే పౌర్ణమినాడు మనకు సూర్యుడు ఒకవైపునా, చంద్రుడు సరిగా అవతలివైపునా ఉంటారు. అందుచేత వెనక కొండలలో సూర్యుడు దిగే వేళకు ఎదట సముద్రంలోంచి చంద్రుడు లేస్తాడు. మర్నాడు ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. కనక చతుర్దశినాడు భీమిలి చేరి, పౌర్ణమికి ఉండి, పాడ్యమినాడు తిరిగి రావటం మంచి ఏర్పాటు. టిక్కెట్టు లేని ఈ ఆటకోసం మాత్రం చీకటి పడేవేళకు ఇసకమీద చాప పరుచుకుని సిద్ధంగా ఉండాలి.

పౌర్ణమికీ, అమావాస్యకూ సముద్రం పోటు ఎక్కువగా ఉంటుందని మీరు చదివే ఉంటారు. చదివినదాన్ని కళ్ళతో చూడవచ్చు. ఉదయం నీళ్ళు ఎంతవరకు వస్తున్నాయో చూసి అక్కడ ఒక పుల్ల పాతండి. సుమారు ఆరుగంటల తరవాత వచ్చి చూడండి. పోటుకూ, పాటుకూ మధ్య పట్టే కాలం దాదాపు అంతే. పుల్ల నీళ్ళలో మునిగి ఉంటుంది, లేదా నీళ్ళు దాన్ని వదిలి దూరంగా పోయి ఉంటాయి. ఎవరు సరిగా చెప్పగలరో ముందే పందెం వేసుకోండి.

ఇక్కడ ఒక సంగతి పెద్దలూ పిల్లలూ కలిసి చదవాలి. ఈ తీరాన సముద్రం చూడటానికి సాధువులాగా ఉంటుంది గాని, ఏటా మనుషులను పొట్టన పెట్టుకుంటూనే ఉన్నది. కెరటాలు ఒడ్డుకు తెచ్చిన నీరు వెనక్కు పోవాలి గదా! ఒక్కొక్కచోట అదంతా ఒక ఇరుకుపాయగా కూడి, వేగంగా లోపలికి లాగుతుంది. విచిత్రమేమిటంటే, అటూ ఇటూ కెరటాలు విరుగుతూంటే ఆ పాయ ఉన్నచోట నీరు ప్రశాంతంగా కనబడుతుంది. తెలియనివాళ్ళు, "ఇక్కడ కెరటాలు లేవు, ఇక్కడే దిగుదాం," అంటారు. అదే ప్రమాదం. ఎవరైనా దానిలో చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకూడదు. ఎంత గజ ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకు సమానంగా పక్కకు ఈది, ఆ పాయ దాటాక ఒడ్డుకు తిరగాలి. మీరు మాత్రం పిక్కలు తడిసేదాకానే దిగండి, అదీ ఒక పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని. నది కలిసేచోట అసలే దిగవద్దు.

ఆ నది పేరు గోస్తనీ నది. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చి, భీమిలి దగ్గిర సముద్రంలో కలుస్తుంది. బొర్రా గుహలు చూసినవాళ్ళు మీలో ఉంటే, అక్కడ సున్నపురాతిని తొలిచిన నీరు ఇదేనని తక్కినవాళ్ళకు చెప్పండి.

బస మాటకు వద్దాం. గది మాట్లాడేటప్పుడు, "బస్సు దిగి ఎంత దూరం నడవాలి? సముద్రానికి ఎంత దూరం? రాత్రి ఎనిమిది దాటితే అన్నం దొరుకుతుందా?" అని టెలిఫోనులోనే అడగాలి. కారు ఉన్నవాళ్ళకు ఈ ప్రశ్నలు తట్టవు. మనకు ఇవే ప్రాణం, ముఖ్యంగా మోకాళ్ళ నొప్పుల నాయనమ్మ వెంట ఉంటే. సామానుకు కూడా ఒకటే నియమం పెట్టుకోండి. ఎవరి సంచీ వాళ్ళు మోయగలగాలి. మోయలేనంత సర్దుకున్నవాళ్ళచేత సగం తీయించాలి.

ఇక నాన్నగారు ఒక కాగితం తీసి, "కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, సింహాచలం..." అని రాయటం మొదలుపెడతారు. మెల్లిగా ఆ కాగితం అడిగి తీసుకోండి. అవన్నీ చూడదగ్గవే. కాని కారున్నవాళ్ళు రెండు రోజులలో అన్నీ చూసి, ఇంటికొచ్చి రెండు రోజులు పడుకుంటారు. మన కాళ్ళు పోయినంత మేరే మన యాత్ర. భీమిలి చిన్న ఊరు గనక ఆ కాళ్ళకు సరిపోతుంది.

తెల్లవారుజామునే లేచి ఒడ్డుకు వెళ్ళండి. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, సముద్రం అంత త్వరగా చల్లబడదు. అందుకని అప్పుడు గాలి నేలమీదినుంచి సముద్రంలోకి వీస్తుంది. పగలు నేల వేడెక్కాక సముద్రంమీదినుంచి ఒడ్డుకు మళ్ళుతుంది. పూర్వం తెరచాప పడవలవాళ్ళు తెల్లవారకముందు ఆ గాలితో పోయి, పగటిగాలితో తిరిగి వచ్చేవాళ్ళు. ఇప్పుడు పడవలకు ఇంజన్లు వచ్చాయి. వలలలోంచి కవళ్ళూ, కానాగంతలూ దులిపే జాలర్లు పనిలో ఉంటారు కనక, కొంచెం ఎడంగా నిలబడి చూడాలి. తీరిక చిక్కితే వాళ్ళే చేపల పేర్లు చెబుతారు.

ఊళ్ళో గడియారపు స్తంభమూ, పాత దీపస్తంభమూ ఉన్నాయి. డచ్చివాళ్ళ శ్మశానం కూడా ఉన్నది. పదిహేడవ శతాబ్దంలో వాళ్ళు ఇక్కడ వర్తకం పెట్టారు. 1824లో ఇంగ్లీషువాళ్ళతో చేసుకున్న సంధి ప్రకారం ఇక్కడినుంచి తప్పుకున్నారు. పేర్లు చెక్కిన రాళ్ళు మిగిలాయి. ఆ రాళ్ళమీద ఎక్కటం, పేర్లు గీకటం చెయ్యకండి. ఇల్లు విడిచి ఎన్నో నెలలు ఓడలో వచ్చి, మళ్ళీ ఇల్లు చూడకుండానే పోయినవాళ్ళు వాళ్ళు.

ఒకప్పుడు ఇది పెద్ద రేవు. ఓడలు సముద్రంలో ఎడంగా నిలిస్తే, సరుకును పడవలలో తీసుకుపోయి ఎక్కించేవాళ్ళు. మన గోంగూరకు దగ్గిర చుట్టమైన గోగు నార ఇక్కడినుంచే పోవటంచేత, పరదేశపు వర్తకులు దానికి "బిమ్లీ జనుము" అని పేరు పెట్టారు. 1861లోనే ఇక్కడ మునిసిపాలిటీ ఏర్పడింది. అటువంటి ఊరికి రైలు రాలేదు. రైలుదారి లోపల, విజయనగరంమీదుగా పోయింది. 1933లో విశాఖలో కొత్త రేవు తెరిచారు. ఓడలు లంగరు వేసి ఒడ్డుకే ఆనుకోగలిగే రేవు ఉంటే, పడవలతో మోసే రేవుకు ఎవరు వస్తారు? వర్తకం అటు తరలిపోయింది. ఆ మునిసిపాలిటీ కూడా 150 ఏళ్ళు దాటాక విశాఖ నగరపాలనలో కలిసిపోయింది. ఇప్పుడు మనం అక్కడ హాయిగా అనుభవించే నిశ్శబ్దం, ఒకప్పుడు ఎందరికో పని పోయినందువల్ల వచ్చినది.

రెండో రోజు ఉదయం ఎండ ఎక్కకముందు, ఒకే ఒక్క చోటికి వెళ్ళవచ్చు. విశాఖకేసి సుమారు 4 కిలోమీటర్లు వెనక్కు పోతే ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. బస్సుగాని, ఆటోగాని చాలు. మంచినీళ్ళు మీరే తీసుకుపోవాలి. ఈ దిబ్బలు వేల ఏళ్ళనాడు గాలి తెచ్చి పోసిన ఇసక. సుమారు 20,000 ఏళ్ళ క్రితం, మంచుయుగంలో, ప్రపంచంలోని నీరు ఎంతో మంచుగా గడ్డకట్టి సముద్రం ఇప్పటికంటే 120 మీటర్ల దిగువన ఉండేది. తీరం చాలా దూరాన ఉండేది. బయటపడిన ఇసకతో గాలి ఆడుకున్నది. ఇసకలోని ఇనుము తుప్పుపట్టి దిబ్బలు ఎర్రబడ్డాయి. ఇటువంటివి తమిళనాడు దక్షిణాన, సింహళంలో ఉన్నాయి గాని, అన్నిచోట్లా లేవు. 2025లో వీటిని యునెస్కో వారసత్వ స్థలాల ముందస్తు జాబితాలో చేర్చారు. ఒక్కొక్క వాన ఆ మట్టిని కొంత కోసుకుపోతుంది. అంచులమీద పరిగెత్తే కాళ్ళు ఇంకొంత దొర్లిస్తాయి. కనక దిగువన నడిచే బాటనే పట్టండి. పిడికెడు మట్టి కూడా ఇంటికి తేవద్దు.

ఇంటినుంచి ఒక అయస్కాంతం మాత్రం తప్పక తీసుకువెళ్ళండి. దాన్ని పల్చని గుడ్డలో చుట్టి, సముద్రపు ఒడ్డున నల్లగా కనిపించే ఇసకమీద తిప్పండి. నల్లని రేణువులు మీసాలలాగా పైకి లేచి అంటుకుంటాయి. గుడ్డ విప్పితే రాలిపోతాయి. పాడ్యమినాటి ఉదయానికి ఈ ఒక్క ఆట చాలు. నాయనమ్మ కూడా అడిగి పుచ్చుకుంటుంది.

ఆ రోజు ఆదివారమైతే సాయంత్రం బస్సులు కిటకిటలాడతాయి. అందుచేత భోజనం కాగానే బయలుదేరండి. రైలు వేళకు కనీసం రెండు గంటలు ముందుగా స్టేషను చేరేటట్టు చూసుకోండి. మొదటి బస్సు నిండుగా ఉంటే తోసుకుని ఎక్కవద్దు. దాన్ని పోనిచ్చి, ముంతకింద పప్పు కొనుక్కుని, రెండో బస్సులో ఎడమపక్క కిటికీ చూసి కూర్చోండి.