ఒకే పీఎన్ఆర్, ఆరు వందల యూరోలు

ఇరవై మూడు వేల ఏడు వందల రూపాయలు. మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న ఆ హనుమకొండ ఇంజనీరు ఇంట్లో ఈ అంకె ఎత్తితే చాలు, భార్య ముఖం ఇప్పటికీ మాడిపోతుంది. మేనకోడలి పెళ్లికి వస్తూ టికెట్ల మీద వాళ్లు మిగుల్చుకున్న సొమ్ము అది. మిగుల్చుకోమన్నది పెళ్లికూతురి తండ్రి, ఆయనకు పెద్ద బావ.

"ఎందుకురా దండగ? బొంబాయి దాకా ఒకటి తీస్కో, ఆడికెల్లి ఇంకోటి తీస్కో. మూడు గంటల గ్యాప్ సాలదా?" అన్నాడు బావ ఫోన్లో. నాలుగు దేశాలు తిరిగొచ్చిన పెద్దమనిషి చెప్తుంటే ఇంజనీరుకు కాదనబుద్ధి కాలేదు.

మ్యూనిక్ నుంచి ముంబై మీదుగా హైదరాబాద్‌కు ఒకే పీఎన్ఆర్ మీద తీసుకుంటే మనిషికి 71,400 రూపాయలు. విడగొడితే ముంబై దాకా 58,900, అక్కడి నుంచి వేరే కంపెనీ విమానానికి 4,600, మొత్తం 63,500. తలకు 7,900 తేడా. భార్యాభర్తలకూ ఏడేళ్ల బాబుకూ కలిపి 23,700.

మ్యూనిక్‌లో విమానానికి సాంకేతిక లోపం వచ్చింది. ముంబైలో తలుపు తెరిచేసరికి రెండు గంటల నలభై నిమిషాల ఆలస్యం. ఇమిగ్రేషన్ లైను దాటి బెల్టు దగ్గరికి పరుగెత్తితే, పెట్టుబడి చీరలున్న పెట్టె అన్నిటికన్నా చివర వచ్చింది. డొమెస్టిక్ కౌంటర్లో అమ్మాయి స్క్రీన్‌ను వాళ్ల వైపు తిప్పి చూపించింది. మూడు పేర్లు, మూడింటి పక్కనా నో-షో. "ముందు ఫ్లైట్ వేరే టికెట్ కదా సార్, మేమేం చేయలేం" అంది. ఆమె చెప్పిందాంట్లో అబద్ధం లేదు.

ఆ రాత్రికి సీట్లు లేవు. మర్నాటి విమానానికి మనిషికి 11,900 చొప్పున 35,700. హోటలుకు 5,200, టాక్సీ, తిండికి 1,900. మొత్తం 42,800. పోయిన డొమెస్టిక్ టికెట్ల 13,800 ఇందులో కలపకూడదు, ముందు లెక్కలోనే ఉంది గనక. నో-షో అయినా పన్నులు, యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు తిరిగివ్వాలని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ఉంది కాబట్టి అడిగితే 2,100 వెనక్కొచ్చింది. 42,800లోంచి ఆ 2,100, మిగుల్చుకున్న 23,700 తీసేస్తే చేతిచమురు 17,000. ఎదురుకోళ్లు కళ్లారా చూడలేకపోయారు. దానికి లెక్క కట్టలేం.

పదిహేడు వేలైతే ఎప్పుడో మరిచిపోయేవాళ్లు. వాళ్లను నిద్రపోనివ్వనిది చేతికి రావాల్సి ఉండీ రాకుండా పోయిన డబ్బు.

యూరోపియన్ యూనియన్ గడ్డ మీద నుంచి ఏ కంపెనీ విమానం బయల్దేరినా అక్కడి 261/2004 రెగ్యులేషన్ వర్తిస్తుంది. 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో చివరి గమ్యానికి నాలుగు గంటలు లేదా అంతకు మించి ఆలస్యంగా చేరితే మనిషికి 600 యూరోలు ఇవ్వాలి. బాబుది డబ్బు కట్టి కొన్న టికెట్ కాబట్టి వాడికీ పూర్తి 600. రద్దయిన విమానానికే కాదు, మూడు గంటల ఆలస్యానికీ పరిహారం ఉందని యూరోపియన్ కోర్టు 2009లో తేల్చింది. మామూలు సాంకేతిక లోపాన్ని అసాధారణ పరిస్థితిగా చూపించి తప్పించుకోవడం కుదరదని 2008లోనే చెప్పింది. 2013 నాటి తీర్పు అచ్చం వీళ్ల కథే. బ్రెమెన్‌లో విమానం దాదాపు రెండున్నర గంటలు ఆలస్యంగా బయల్దేరడంతో ఒక ప్రయాణికురాలికి పారిస్‌లో కనెక్షన్ తప్పింది. పరాగ్వేలోని అసున్సియాన్‌కు పదకొండు గంటలు ఆలస్యంగా చేరింది. లెక్కలోకి వచ్చేది చివరి ఊళ్లోని ఆలస్యమేనని కోర్టు తీర్పిచ్చింది.

ఒకే పీఎన్ఆర్ అయ్యుంటే ఈ కుటుంబానికి చివరి ఊరు హైదరాబాద్, ఆలస్యం తొమ్మిది గంటలు. విడగొట్టుకున్నారు కాబట్టి చివరి ఊరు ముంబై అయింది, ఆలస్యం మూడు గంటల లోపే. అదే లోపం, అదే రాత్రి. ఒక లెక్కలో 1,800 యూరోలు, ఇంకో లెక్కలో సున్నా. యూరో 90 రూపాయలున్న రోజుల్లో 1,800 అంటే 1,62,000. హోటలు, తిండి, మర్నాటి సీటు ఎయిర్‌లైన్ ఖాతాలోనే. ఒకే టికెట్‌కు 2,14,200 కట్టి 1,62,000 వెనక్కి తెచ్చుకుంటే ప్రయాణం 52,200కి తేలేది. నిజంగా అయింది 2,31,200. తేడా 1,79,000 రూపాయలు.

అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం కింద బిల్లులు పెట్టి మొదటి ఎయిర్‌లైన్‌ను నష్టం అడిగే దారి వాళ్లకు ఉండేది. దానికున్న రెండేళ్ల గడువు దాటిపోయింది. ప్రయాణ బీమా తీసుకోలేదు.

బావ మాత్రం ఒప్పుకోలేదు. కన్జ్యూమర్ కోర్టుకు పోతే వస్తాయంటూ సుప్రీంకోర్టు తీర్పొకటి వాట్సాప్‌లో పంపాడు. 2016 జూన్‌లో అజ్మీర్-జమ్మూ రైలు నాలుగు గంటలు ఆలస్యమై, శ్రీనగర్ విమానం తప్పిపోయిన కుటుంబం కేసది. ఆలస్యానికి కారణం చూపించలేకపోయిన రైల్వే 30,000 రూపాయలు, తొమ్మిది శాతం వడ్డీ కట్టాలన్నారు. మంచి తీర్పే. కానీ అల్వార్ జిల్లా ఫోరంలో మొదలైన ఆ కేసు 2021 సెప్టెంబరులో గానీ తేలలేదు. ముప్పై వేల కోసం అయిదేళ్లు తిరిగే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

మన డీజీసీఏ కూడా ఒకే టికెట్ నంబర్ మీద కనెక్షన్ తప్పితే ప్రయాణ సమయాన్ని బట్టి 5,000, 7,500, 10,000 అని పరిహారం పెట్టింది. అదైనా బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తంతో పోల్చి ఏది తక్కువైతే అదే ఇస్తారు. చవక టికెట్ కొన్నవాడికి చేతికొచ్చేది చాలా తక్కువ. ఈ "ఏది తక్కువైతే అది" అన్న షరతును తీసేయాల్సిందే.

తర్వాత బావ కొడుకే ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి గల్ఫ్ కంపెనీ విమానంలో ఒకే పీఎన్ఆర్ మీద ఇంటికొస్తూ మధ్యలో కనెక్షన్ పోగొట్టుకున్నాడు. కౌంటర్లో వోచర్ ఇస్తామన్నారు. "గల్ఫ్ కంపెనీకి యూరప్ చట్టమేంది? ఇచ్చింది తీస్కో బిడ్డా" అన్నాడు తండ్రి. "సంతకం పెట్టకు అల్లుడూ" అన్నాడు మేనమామ. ప్రయాణికుడు సంతకం పెట్టి ఒప్పుకుంటే తప్ప పరిహారాన్ని వోచర్ రూపంలో ఇవ్వడానికి వీల్లేదు. బెర్లిన్ నుంచి కాసాబ్లాంకా మీదుగా అగాదిర్ వెళ్లిన ప్రయాణంలో, విమానం మారిన ఊరు యూరప్ బయట ఉన్నా, కంపెనీ మొరాకోదైనా చట్టం వర్తిస్తుందని 2018లో తీర్పొచ్చింది. ఇంజనీరు ఆ తీర్పును ప్రస్తావిస్తూ మేనల్లుడి తరఫున ఈమెయిల్ రాశాడు. 600 యూరోలు, అంటే 54,000 రూపాయలు అబ్బాయి ఖాతాలో పడ్డాయి. ఇంజనీరు భార్య ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్‌ను ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది.

పిల్లలను అమెరికా పంపేవాళ్లు ఒక సంగతి చూసుకోవాలి. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా షికాగోకు ఒకే పీఎన్ఆర్ మీద యూరప్ కంపెనీ విమానమే ఎక్కినా ఈ 600 రాదు. కిషినౌ నుంచి వియన్నా మీదుగా బ్యాంకాక్ వెళ్లిన ప్రయాణం మీద 2022లో కోర్టు ఆ గీత గీసింది: రెండు కొసలూ యూరోపియన్ యూనియన్ బయటే ఉంటే వర్తించదు. అదే డబ్లిన్‌కో బెర్లిన్‌కో యూరోపియన్ యూనియన్ కంపెనీలో వెళ్తుంటే వస్తుంది. షికాగో వాళ్లకు మిగిలేది మాంట్రియల్ ఒప్పందమే. దానికి బోర్డింగ్ పాసులు, ఆలస్యానికి కారణం చెబుతూ ఎయిర్‌లైన్ పంపిన మెయిలు, హోటలు, తిండి బిల్లులు కావాలి. రెండేళ్లలోపు దావా వేయాలి.