నాగటిచాలు

గత వేసవిలో నాన్నగారి తలకు స్కాన్ తీయించాము. ఇంట్లోవాళ్ళ పేర్లు ఆయనకు తడబడటం మొదలై అప్పటికి ఏడాది. నివేదిక చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. మెదడు మీది సల్కస్‌లు వయసుకు మించి వెడల్పయ్యాయని దాని సారాంశం.

సల్కస్ లాటిన్ మాట. నాగటిచాలు అని అర్థం. జీవశాస్త్రం దీన్ని పొలం నుంచే అరువు తెచ్చుకొంది. కాండం మీద నిలువు గాడులుంటే వృక్షశాస్త్రజ్ఞులు దాన్ని సల్కేట్ అంటారు. సహారా దక్షిణపు అంచున బతికే ఒక పెద్ద తాబేలుకు, పెంకుల మీది చాళ్ళను బట్టి, సల్కేటా అని పేరు. సంస్కృతంలో సీత అన్నా నాగటిచాలే.

గర్భంలో తొలి నెలల్లో మెదడు నున్నగా ఉంటుంది. తరువాత పైపొర లోపలి భాగంకన్నా త్వరగా విస్తరించి, ముడుచుకొంటుంది. ఆ పొరలో దాదాపు మూడింట రెండు వంతులు చాళ్ళలోనే దాగి ఉంటుంది. ఎలుక మెదడుకు ఈ మడతలు లేవు. డాల్ఫిన్‌కు మనకన్నా ఎక్కువ. కనుక మడతలు లెక్కించి తెలివిని కొలవలేము. వయసు మీరినప్పుడు, మతిమరుపు జబ్బుల్లో మరింతగా, చాళ్ళ నడుమనున్న గట్లు కుంచించుకుపోతాయి. వెడల్పయినట్లు కనిపించేది చాలు. నిజానికి కరిగిపోయింది గట్టు.

నాన్నగారు నలభయ్యేళ్ళు నాగలి పట్టిన మనిషి. మొదటి చాలు వంకరపోతే చేనంతా వంకరపోతుందనేవారు. చిన్నప్పుడు నా చేత మేడి పట్టించి చూశారు. నా చాలు ఏనాడూ తిన్నగా రాలేదు. చదువు పేరు చెప్పి తప్పించుకొన్నాను.

ఆ సాయంత్రం ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకొని చూస్తుంటే, ఆయన వచ్చి పక్కన నిలబడ్డారు. బొటనవేలితో ఒక నల్లని గీతను నెమ్మదిగా తడిమారు.

"చాళ్ళు ఎడమెడంగా పడ్డాయి. ఎవరు దున్నారయ్యా ఇది?"

పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్ను 'ఒరే' అనడమే తెలుసు. 'అయ్యా' అనడం అదే మొదలు.

నేను మాట్లాడలేకపోయాను. నా మౌనానికి ఆయనే సర్దిచెప్పారు.

"కొత్తవాడై ఉంటాడు, పాపం. అడ్డం దున్నితే సర్దుకుంటుందిలే."

ఫిల్మును కవరులో పెట్టేశాను. అది ఎవరి చేనో మాత్రం ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.