ముందొచ్చినవాళ్ళకే ముందు (నా చదువు దారి – 9)



గురుకులం రోజుల గురించి రాసిన పోయిన భాగం చదివి ఒక డిగ్రీ అమ్మాయి మెసేజ్ పెట్టింది. "అక్కా, రిజర్వేషన్లు తీసేసి అందరికీ ఒకటే పోటీ పెడితే తప్పేంటని మా క్లాసులో అంటున్నారు. నాకు కోపం వచ్చింది గానీ మాట రాలేదు" అని.

నాకూ ఆ వయసులో మాట రాలేదు. అందుకని ఈసారి హ్యారీపోటర్ కథ చెప్తాను. నవ్వకండి. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

2011. చోడవరం అప్పటికింకా విశాఖ జిల్లా. నేను డిగ్రీ మొదటి సంవత్సరం, ఎస్సీ బాలికల హాస్టల్లో ఉంటున్నాను. నాన్న గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి తోలే చెరుకు నరికేవాడు. అమ్మ ఉపాధి పనికి వెళ్ళేది, రోజుకి వంద చిల్లర కూలీ.

గురుకులంలో మా ఇంగ్లీషు మేడమ్ వైజాగ్ పాత పుస్తకాల కొట్టునుంచి హ్యారీపోటర్ తెచ్చి ఇచ్చారు. నేను, నా స్నేహితురాలు ఒక్క పుస్తకాన్ని ఇద్దరం చదివేవాళ్ళం. ఆమె పేజీ ముందు అయిపోయేది, నాకోసం ఆగేది. డిక్షనరీ కూడా ఒకటే. ఏడు భాగాలూ అలాగే పూర్తి చేశాం. ఆరో పుస్తకంలో చివరి పేజీలు లేవు. ఏమైందో ఏడోది దొరికాకే తెలిసింది.

ఆ కథ మాకెందుకు అంత పట్టిందో మీకు చెప్పక్కర్లేదు. అందులో స్వచ్ఛమైన రక్తం మాదేనని విర్రవీగే కుటుంబాలుంటాయి. మంత్రగాళ్ళ ఇంట పుట్టని హెర్మాయినీని క్లాసులో అందరికంటే బాగా చదివినా "మడ్‌బ్లడ్" అని తిడతారు. మురికి రక్తం అని. ఆ మాటకి మేం డిక్షనరీ తియ్యలేదు.

ఆ ఏడాది జూన్‌లో రచయిత్రి జె.కె. రౌలింగ్ పాటర్‌మోర్ అని కొత్త లోకం ఒకటి ఇంటర్నెట్‌లో తెరుస్తున్నానని ప్రకటించింది. పుస్తకాల్లో లేని కథలు అందులో ఉంటాయి. హౌస్ ఏదో టోపీ మనకే చెప్తుంది. అందరికీ అక్టోబరులో అన్నారు. పది లక్షల మందికి మాత్రం ముందే ప్రవేశం. దానికో పోటీ పెట్టారు. జులై 31 హ్యారీ పుట్టినరోజు. ఆ రోజునుంచి ఆగస్టు 6 దాకా రోజుకో ప్రశ్న. జవాబుగా వచ్చిన అంకెని వాళ్ళిచ్చిన సంఖ్యతో గుణించి, దాన్ని వెబ్ చిరునామా చివర తగిలిస్తే మంత్రాల ఈక కనబడుతుంది. అది నొక్కి పేరు నమోదు చేసుకోవాలి. ప్రశ్న ఏ గంటకి వస్తుందో ముందు చెప్పరు. ఆ రోజు కోటా నిండగానే మూసేస్తారు.

జులై 31 ఆదివారం. బయటికి వెళ్ళడానికి మాకు మధ్యాహ్నం పూట కాసేపే అనుమతి. నెట్ సెంటర్‌కి వెళ్తే ఉన్న నాలుగు సిస్టమ్‌ల ముందూ మగపిల్లలే. మా వంతు రాకుండానే టైమ్ అయిపోయింది.

సోమవారం కాలేజీలో ఒక క్లాస్‌మేట్ ఊగిపోతున్నాడు. ఇంట్లో కంప్యూటరుంది, బ్రాడ్‌బ్యాండుంది. మొదటిరోజే అతను లోపలికెళ్ళిపోయాడు. "ప్రశ్న ఏంటి?" అని అడిగాం. "గుడ్లగూబల కొట్టు బోర్డు మీద ఎన్ని రకాల గుడ్లగూబలుంటాయి? దాన్ని 49తో గుణించాలి. నాకు పుస్తకం మొత్తం వెతకాల్సొచ్చింది" అన్నాడు.

నా స్నేహితురాలు ఆలోచించను కూడా లేదు. "ఐదు. రెండువందల నలభై ఐదు" అంది.

అతను నోరు తెరిచాడు. "మరి మీరెందుకు వెళ్ళలేకపోయారు?" నిజంగానే అర్థంకాక అడిగాడు. వెటకారం లేదు. హాస్టల్ అనుమతి, గంటకి ఇరవై రూపాయలు, నాలుగు సిస్టమ్‌లు, ఇవన్నీ చెప్పాం. "అది మీ పర్సనల్ ప్రాబ్లమ్. ముందొచ్చినవాళ్ళకే ముందు. ఇందులో కులం ఏముంది?" అన్నాడు.

చెల్లీ, నీ క్లాసులో అంటున్న మాట ఇదే. ఆ పోటీలో ఎవరూ మా కులం అడగలేదు. నిజమే. ప్రశ్న లండన్‌లో పిల్లకీ మాకూ ఒకటే. జవాబు మాకు నోటికొచ్చు. మరి అతని ఇంటికి కంప్యూటర్ ఎలా వచ్చింది? వాళ్ళ తాతకి భూమి ఉంది, నాన్నకి చదువుంది. మా తాత ఆ పొలాల్లోనే పాలికాపు. పోటీ ఆదివారం మొదలైందని అతననుకున్నాడు. మూడు తరాల ముందే మొదలైందని ఎవరూ అతనికి చెప్పలేదు.

ఇప్పుడు నా తప్పు.

ఆగస్టు 6, శనివారం. ఆఖరిరోజు. హ్యారీపోటర్ కోసమంటే వార్డెన్ మేడమ్ పంపరు కదా, స్కాలర్‌షిప్ ఫారం నింపాలని అడిగాం. అదీ అబద్ధం కాదు, ఇద్దరిదీ నింపాలి. ఇద్దరి దగ్గరా కలిపి నలభై రూపాయలు. చెరొక గంట. ముందు నేను కూర్చున్నాను, ఆమె నా వెనకాల నిలబడింది.

స్కాలర్‌షిప్ పేజీ తిరుగుతూ తిరుగుతూ అరగంట దాటాక పూర్తయింది. వెంటనే పాటర్‌మోర్ తెరిచాం. ప్రశ్న వచ్చి ఉంది! జవాబు ఆమే చెప్పింది, గుణించిందీ ఆమే. ఈక కనబడింది. నొక్కాను.

లోపల మన పేరు మనం పెట్టుకోకూడదు. వాళ్ళే కొన్ని మంత్రాల పేర్లు, పక్కన అంకెలు కలిపి చూపిస్తారు, అందులో ఒకటి ఎంచుకోవాలి. పిల్లల భద్రత కోసం ఆ పద్ధతి. నాకు మాత్రం అది మరోలా తగిలింది. కాలేజీలో చేరిన రోజునుంచీ "ఇంటిపేరేటి?", "ఏ ఊరు? ఊర్లో ఏ వీధి?" అని అడిగించుకుంటున్నదాన్ని. ఇక్కడ ఇంటిపేరు లేని, వీధి లేని పేర్లు వరసగా నా ముందున్నాయి. ఏది తీసుకున్నా నన్నెవరూ ఏమీ అడగరు. ఇది బాగుందా, అది బాగుందా అని ఒక్కొక్కటీ చదువుకుంటూ కూర్చుండిపోయాను. పావుగంట.

వెనక నిలబడ్డ మనిషిని మర్చిపోయానని చెప్తే అబద్ధం. ఆమె ఊపిరి నా భుజం మీద తగులుతూనే ఉంది. నేను పదిలక్షల్లో ఒకదాన్ని అనే సంతోషం నన్ను లేవనివ్వలేదు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. అందరికీ దొరికేదైతే అంత సంతోషం ఉండేది కాదు.

ఆమె కూర్చుంది. వార్డెన్ అడుగుతారు కాబట్టి ముందు స్కాలర్‌షిప్ ఫారమే నింపింది. అది అయ్యి ఇటొచ్చేసరికి మూసేశారు. ఆఖరిరోజు కోటా అయిపోయింది.

హాస్టల్‌కి నడుస్తూ వినాయకుడి గుడి దాటేదాకా ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత ఆమే అంది: "నువ్వు ఎల్లొచ్చీసేవు కదే. లోపలేటుందో నాకు సెప్పు, సాలు."

సెప్టెంబరులో నాకు ఆహ్వానం వచ్చింది. ఇరవై రూపాయలు పెట్టి గంటసేపు చూశాను. మొదటి పుస్తకం వరకే తెరిచారు. ఆమెకి చెప్పాను. మొహమాటంతో సగమే చెప్పాను.

అక్టోబరు అన్నది వాయిదాపడింది. అందరికీ తలుపు తెరిచింది 2012 ఏప్రిల్ 14న. తేదీ చూశారా? బాబాసాహెబ్ జయంతి. వాళ్ళకి తెలిసి పెట్టిన రోజు కాదులెండి. నాకు మాత్రం ఏటా ఆ రోజు ఇది గుర్తొస్తుంది. అప్పటికి నా స్నేహితురాలు చదువు ఆపేసి అచ్యుతాపురంలో బట్టల కంపెనీలో కుట్టుపనికి వెళ్తోంది.

వెబ్‌సైట్ కోసం ఇంత ఏడుపేంటి అనొచ్చు. అది ఆటే. 2021లో ఆట కాదు. ఏప్రిల్ 28న 18 ఏళ్ళు దాటినవాళ్ళకి కోవిన్‌లో రిజిస్ట్రేషన్ తెరిచారు. స్లాట్లు సెకన్లలో అయిపోయేవి. కోడింగ్ వచ్చినవాళ్ళు స్లాట్ పడగానే ఫోన్ మోగేలా ప్రోగ్రాములు రాసుకున్నారు. మా పేటలో ఉన్నవి రీఛార్జ్ అయిపోయిన ఫోన్లు. పోర్టల్ మీదే పూర్తిగా ఆధారపడితే అణగారినవాళ్ళు వెనకపడిపోతారని ఆ మే 31న సుప్రీంకోర్టు కూడా చెప్పాల్సివచ్చింది. అప్పుడు కూడా ఎవరూ కులం అడగలేదు. ముందొచ్చినవాళ్ళకే ముందు.

చెల్లీ, మీ క్లాసులో ఆ మాటన్నవాళ్ళని ఒక్కటే అడుగు. "జవాబు తెలిసినా తలుపు దగ్గరికి చేరలేనివాళ్ళని మీ పోటీ ఎలా లెక్కపెడుతుంది?" రిజర్వేషన్ ఆ లెక్కే.

ఇక మనలో మనకి ఒక మాట. చదువుతోనో ఉద్యోగంతోనో ముందు లోపలికెళ్ళినవాళ్ళం ఉన్నాం. కుర్చీ దొరికాక మన పేరు చూసుకుంటూ ఎంతసేపు కూర్చుంటున్నాం? వెనక నిలబడ్డవాళ్ళే మనకి జవాబు అందించారని గుర్తుందా?

నాలుగేళ్ళుగా మా పేట అంబేడ్కర్ భవనంలో ఆదివారాలు ఒక లాప్‌టాప్ పెట్టి పిల్లలకి స్కాలర్‌షిప్, అడ్మిషన్ ఫారాలు నింపిస్తున్నాం. అక్కడ ఒకటే నియమం. నీ పని అయితే వెంటనే లే. లేచి, నీ వెనకున్నవాళ్ళది నువ్వే నింపించు.

పోయిన జూన్‌లో నా స్నేహితురాలి కూతురు అడ్మిషన్ ఫారంతో వచ్చింది. వెనకాల వాళ్ళమ్మ నిలబడి ఉంది. నేను కుర్చీలోంచి లేచి, ఆమెని కూర్చోమన్నాను.

"ఇప్పుడేటే" అని నవ్వింది. కూర్చుంది. ఫారం తనే నింపింది.