రెండో తరగతిలో ఏముంది?

వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమని కమిటీ చెల్లెళ్లు అడిగారు. పీజీ చదివే అక్క కదా, ఏ ప్రపంచీకరణ మీదో, పోటీ పరీక్షల మీదో రాస్తుందని అనుకొని ఉంటారు. నేను రెండో తరగతి గురించి రాస్తున్నాను. దసరా సెలవుల తర్వాత ఈ నాలుగు నెలల్లో నా ఎకనామిక్స్ పుస్తకాల కన్నా రెండో తరగతి తెలుగు, లెక్కల పుస్తకాలనే ఎక్కువసార్లు తిరగేశాను. వాటిలో చాలా ఉంది మిత్రులారా! అది మీతో పంచుకోవాలని నా ఈ చిన్న ప్రయత్నం.

సాయంత్రం ఐదున్నరకు మన హాస్టల్ మెట్ల మీద ఐదుగురు పిల్లలు కూర్చోవడం మీరంతా చూసే ఉంటారు. ఒకతె మన వంటమ్మ మనవరాలు. ఒకడు వాచ్‌మన్ తాత మనవడు. ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల నాయిన నాంపల్లి స్టేషన్ దగ్గర చాయ్ బండి నడుపుతాడు. ఇంకో పాప వాళ్లమ్మ అబిడ్స్‌లో ఒక బట్టల షాపు ఊడ్చి తుడుస్తుంది, వాళ్లింట్లో మాట్లాడేది ఉర్దూ. చాయ్ బండి ఆయన పెద్ద కొడుకు మూడో తరగతి, మిగతా నలుగురూ రెండో తరగతి. అందరిదీ దగ్గరలోని సర్కారు ప్రాథమిక పాఠశాలే. మొదట వంటమ్మ మనవరాలే వచ్చి "అక్కా, హోంవర్కు" అని నోట్‌బుక్ నా ముందు పెట్టింది. మిగతావాళ్లు ఆమెను చూసి వాళ్లంతట వాళ్లే వచ్చి చేరారు.

ఇంతకూ రెండో తరగతి పిల్లలు ఈ విడత ఏం నేర్చుకుంటున్నారు? తెలుగులో ఒత్తులు. లెక్కల్లో పదులను విడదీసి చేసే తీసివేతలు. ఇంతేనా అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది.

ఒత్తుల సంగతే చూడండి. ఒకటో తరగతిలో అక్షరాలు, గుణింతాలు వచ్చిన పిల్లలు ఆట, పాట, గూడు, మేక లాంటి మాటలు చదవగలరు. కానీ ఇంట్లో వాళ్ల పేరు రాయమంటే చేయి ఆగిపోతుంది. అమ్మ, నాన్న, అక్క, అన్న, తమ్ముడు, చెల్లె, అవ్వ, అత్త... అన్నింటికీ ఒత్తు కావాలి. తాత, మామ, బావ మాత్రం ఒత్తు లేకుండా బయటపడతారు. తిండి దగ్గరికి రండి. అన్నం, పప్పు, ఉప్పు, గుడ్డు, రొట్టె. మళ్లీ ఒత్తులే! ఒత్తు రాని పిల్లకు తన ఇల్లు, తన కంచం రెండూ రాయడం రాదన్నమాట.

పైగా అది తేలిక పాఠమేమీ కాదు. త, న, మ, య, ర, ల అక్షరాలకూ వాటి ఒత్తులకూ రూపంలో పోలికే ఉండదు. కొత్తగా ఇంకో వర్ణమాల నేర్చుకున్నంత పని. ముందు అదే అక్షరం కింద అదే ఒత్తు వచ్చే ద్విత్వాలు, తర్వాత వేరే ఒత్తు వచ్చే సంయుక్తాలు, ఆ తర్వాత రెండు ఒత్తులు ఒకేచోట చేరే సంశ్లేషాలు. మేం వీటిని బోర్డుల మీద నేర్చుకున్నాం. బస్సు మీద 'నాంపల్లి' కనిపిస్తే ద్విత్వం. 'అబిడ్స్' కనిపిస్తే సంయుక్తం. బస్సులో 'స్త్రీలకు' అని రాసి ఉన్న సీటు దగ్గర సంశ్లేషం. వంటమ్మ మనవరాలు మొదటిసారి నాంపల్లి బోర్డును ఎవరూ చెప్పకుండా చదివిన రోజు, "అక్కా, ఇది మనదే!" అని గట్టిగా అరిచింది. బస్టాపులో ఉన్నవాళ్లంతా మా వైపు తిరిగి చూశారు.

ఇక లెక్కలు. వాచ్‌మన్ తాత మనవడు 42 లోంచి 17 తీసేస్తే 35 అని రాశాడు. ఎలా వచ్చిందిరా అంటే, "రెండులకెళ్లి ఏడు పోదు కదక్కా, అందుకే ఏడులకెళ్లి రెండు తీసిన" అన్నాడు. వాడి ఆలోచనలో ఒక క్రమం ఉంది చూశారా! బడిలో "పక్కింటి నుంచి ఒక పది అప్పు తెచ్చుకో" అని నేర్పుతారు. మనమూ అలాగే నేర్చుకున్నాం. అలా చెబితే వాడు, "మళ్ల ఎప్పుడియ్యాలె అక్కా?" అని అడిగాడు. అప్పు అంటే ఏమిటో ఆ ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. తెచ్చింది తిరిగి ఇవ్వాలి. ఇవ్వకుండా వదిలేసే అప్పును వాడు ఎన్నడూ చూడలేదు.

నేను ఏం చెప్పాలా అని ఆలోచిస్తుండగానే చాయ్ బండి ఆయన చిన్న కొడుకు అందుకున్నాడు. "అరేయ్, నీ దగ్గర నాలుగు పది నోట్లున్నయి, రెండు రూపాయి బిళ్లలున్నయి. నువ్వు పదిహేడు ఇయ్యాలె. చిల్లర లేదు. ఒక పది నోటు మార్చు!" అన్నాడు. నోటు మారిస్తే మూడు పదులు, పన్నెండు బిళ్లలు. పన్నెండులోంచి ఏడు పోతే ఐదు. మూడు పదుల్లోంచి ఒకటి పోతే రెండు. ఇరవై ఐదు. ఎవరి దగ్గరా అప్పు చేయలేదు. మన నోటునే మనం విప్పుకున్నాం. పుల్లల కట్ట విప్పి టీచరు చూపించేదీ ఇదే. ఆర్థికశాస్త్రంలో పీజీ చేస్తున్న నాకు తట్టని ఉదాహరణ ఏడేళ్ల పిల్లవాడికి తట్టింది.

ఉర్దూ మాట్లాడే పాపది ఇంకో సంగతి. 29ని మనం ఇరవై తొమ్మిది అంటాం. ఇరవై, దానిపైన తొమ్మిది. మాటలోనే లెక్క ఉంది. ఉర్దూలో ఉన్‌తీస్ అంటారు, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. ఇక ఇంగ్లీషులో థర్టీన్‌కూ థర్టీకీ తేడా పెద్దలకే వినిపించదు. మన రాష్ట్రంలో 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు మీడియం వచ్చింది. లెక్కల పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషులో ఉంటే ఎదురు పేజీ తెలుగులో ఉంటుంది. ఆ ఏర్పాటు మంచిదే. మనలాంటి వాళ్ల పిల్లలకూ ఇంగ్లీషు అందాలి. అయితే ఈ పాప ఇంట్లో ఒక భాషలో లెక్కపెట్టి, ఇంకో భాషలో విని, మూడో భాషలో రాయాలి. ఆమె కొద్దిసేపు ఆగి జవాబు చెబితే మందమతి అనుకోకూడదు. ఆ కాస్త సేపట్లో మనకు తెలియని ఎంత పని చేస్తోందో ఆలోచించాలి.

మన భాషలో ఒక విశేషం ఉంది. పుస్తకం చదవడాన్నీ, విద్యనంతటినీ మనం ఒకే మాటతో పిలుస్తాం. చదువు! నేను చేస్తున్న ఎం.ఏ. పేరూ చదువే, రెండో తరగతి పిల్ల వేలు పెట్టి కూడబలుక్కునే వాక్యం పేరూ చదువే. మా అమ్మ ఈ రెంటికీ తేడా చూపదు. ఈ నాలుగు నెలల తర్వాత ఆమె మాటే నిజమని నాకూ అనిపిస్తోంది.

ఈ విషయం ప్రభుత్వాలకు తెలియక కాదు. కేంద్రం 2021 జులైలో 'నిపుణ్ భారత్' ప్రారంభించింది. 2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ చదవడం, రాయడం, మామూలు లెక్కలు చేయడం రావాలన్నది దాని లక్ష్యం. రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలని, 999 వరకు అంకెలు రావాలని అందులో ఉంది. మన రాష్ట్రంలో 2022 ఆగస్టులో ఇదే ఉద్దేశంతో 'తొలిమెట్టు' మొదలైంది. నిమిషానికి ఇన్ని మాటలని లెక్క ఎందుకా అనుకున్నాను. పిల్లల పక్కన కూర్చున్నాక తెలిసింది. ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ పోతే వాక్యం చివరికి వచ్చేసరికి మొదటి మాట మరిచిపోతారు. నోరు చదువుతుంది, మనసుకు ఏమీ అందదు.

మూడో తరగతి నుంచి పరిసరాల విజ్ఞానం పుస్తకం వస్తుంది. అంతవరకు చదవడం నేర్చుకున్న పిల్లలు అక్కడి నుంచి చదివి నేర్చుకోవాలి. చాయ్ బండి ఆయన పెద్ద కొడుకు అక్కడే ఆగిపోయాడు. ఒత్తులు రాకుండానే మూడుకు వచ్చాడు. పుస్తకం తెరిస్తే బొమ్మలు చూస్తాడు, మూసేస్తాడు. జనవరిలో నుమాయిష్ మొదలయ్యాక బండికి గిరాకీ పెరిగింది. పిల్లవాడు వారంలో రెండు రోజులు బడికి, నాలుగు రోజులు బండికి అయ్యాడు. నేను వెళ్లి అడిగితే వాళ్ల నాయిన కోపం చేసుకోలేదు. "బడిల కూసున్నా చదువు వస్తలేదు బిడ్డా. బండి కాడుంటె పనన్న వస్తది గదా" అన్నాడు. ఆయనను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఆయన కొడుకును బడి మాన్పించే ముందే ఆ పుస్తకం వాడిని మాన్పించింది.

టీచర్లను అనడమూ సులువే. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లు. తరగతులేమో ఐదు! ఒక తరగతికి చెబుతుంటే ఇంకో రెండు తరగతులు ఎదురుచూడాలి. పాఠం ఒకసారి చెప్పగలరు, ఓపికుంటే రెండుసార్లు. మూడోసారి చెప్పాల్సింది ఇంట్లో. చదువుకున్న వాళ్ల ఇళ్లలో అమ్మో నాన్నో పక్కన కూర్చొని ఆ మూడోసారి చెబుతారు. మన ఇళ్లలో ఎవరు చెబుతారు?

మా ఇంట్లో ఎవరూ లేరు. మాది పాలమూరు జిల్లా. అమ్మానాయినలు ఇళ్లు కట్టే పనులకు వలస పోయేవారు. మా వంశంలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేనే. నేను ఐదో తరగతిలో సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో చేరేనాటికి నాకు ఒత్తులు సరిగా రావు. పాఠం బట్టీపట్టి, చదువుతున్నట్టు అప్పజెప్పేదాన్ని. మా హాస్టల్లో తొమ్మిదో తరగతి అక్క ఒకామె అది పసిగట్టింది. ఎవరికీ చెప్పలేదు. రాత్రి భోజనాలయ్యాక నా పక్కన కూర్చొని, పలక మీద రోజుకు ఐదు మాటలు రాయించింది. దాదాపు రెండు నెలలు. ఆమెకు అందులో ఒక్క మార్కు కూడా కలిసిరాలేదు. ఆమె లేకపోతే ఈ వ్యాసం లేదు, ఈ ఎం.ఏ. లేదు.

మనకు ఇది కొత్త సంప్రదాయం కూడా కాదు. అబిడ్స్ నుంచి కోఠి మీదుగా నడిచి వెళ్తే ఇసామియా బజారు వస్తుంది. మాదరి భాగయ్యగా 1888లో పుట్టి, భాగ్యరెడ్డి వర్మగా పేరుపొందిన మహనీయుడు 1910లో అక్కడా, లింగంపల్లిలోనూ మన పిల్లల కోసం బడులు పెట్టించారు. రాజభాష ఉర్దూగా ఉన్న నిజాం కాలంలో, అంటరానివారని దూరం పెట్టిన పిల్లలకు ఆ బడుల్లో తెలుగులో చదువు చెప్పించారు. తర్వాత అవి 26 బడులై, సుమారు 2,500 మంది పిల్లల దాకా పెరిగాయి. సభలు పెట్టారు, సంఘాలు కట్టారు, దేశమంతా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చారు. అంతటి మనిషి చిన్నపిల్లల ప్రాథమిక పాఠశాలను అంత ముఖ్యమని ఎందుకు తలచారో నాకిప్పుడు బాగా తెలుస్తోంది. అంబేద్కర్ జయంతి రోజు మనం ఆయనకు వేసే దండ ఎంత ముఖ్యమో, మెట్ల మీద కూర్చున్న పిల్లకు చెప్పే ఒత్తు కూడా అంతే ముఖ్యం.

ఇప్పుడు అసలు విషయం చెబుతాను. వచ్చే మే నెలతో నా పీజీ పూర్తవుతుంది. జూన్‌లో ఈ నలుగురు పిల్లలు మూడో తరగతికి వెళ్తారు. అప్పుడు నేను ఇక్కడ ఉండను. వాళ్లు మాత్రం ఐదున్నరకు మెట్ల మీదికి వస్తారు.

మన హాస్టల్లో ఎంతోమందిమి ఉన్నాం. రోజుకు ఒకరు, ఒక్క గంట చాలు. వారానికి ఒకసారి కూడా మీ వంతు రాకపోవచ్చు. దీనికి బి.ఎడ్. అక్కర్లేదు. ఒక పేజీ పిల్లతో గట్టిగా చదివించండి. ఆ పేజీలో ఏముందో ఆమె మాటల్లో, ఆమె భాషలో చెప్పించండి. ఒక లెక్క చేయించి, ఎలా వచ్చిందో అడగండి. తప్పు వస్తే తిట్టకండి, ఆ తప్పు వెనుక ఒక ఆలోచన ఉంటుంది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద గ్రూప్స్ గైడ్ల కోసం వెతికేటప్పుడు, ఆ కుప్పల్లో బొమ్మల కథల పుస్తకం ఒకటి కనిపిస్తే పట్టుకురండి. ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థినులు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు మెమెంటోలకు బదులు పలకలు, నోట్‌బుక్కులు తెస్తే ఇంకా సంతోషం.

చాయ్ బండి ఆయన పెద్ద కొడుకు గురించి చెప్పి ముగిస్తాను. వాడిని రెండో తరగతి పుస్తకంతో మళ్లీ మొదలుపెట్టించాను. తమ్ముడి పక్కన కూర్చోవడానికి సిగ్గుపడితే ఏడింటికి విడిగా రమ్మన్నాను. ఇప్పటికి ద్విత్వాలు వచ్చాయి. సంయుక్తాలు సగం వరకు వచ్చాయి. మే నెలలోపు మిగతా సగం నేను చూసుకుంటాను. ఆ తర్వాత సంశ్లేషాలు ఉన్నాయి, పరిసరాల విజ్ఞానం పుస్తకం ఉంది. నోటీసు బోర్డు పక్కన ఒక తెల్లకాగితం అంటించాను. అందులో వారాలు రాసి ఉన్నాయి, పేర్లు లేవు. మీ పేరు రాయండి.

— ఎం.ఏ. (ఆర్థికశాస్త్రం), ద్వితీయ సంవత్సరం