గోడ పక్కన పిట్టలు (ఆదివారం రాతలు – 11)

పోయిన నెలలో ఒక పెద్దమనిషి మూడంటే మూడు ప్రశ్నల్లో నన్ను ‘మీరు’ నుంచి ‘నువ్వు’కి దించేశాడు. దాని గురించి రాద్దామని కూర్చుంటే అది మా జేజినాయన దగ్గరికి పోయింది. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ఓర్వకల్లు ఎయిర్‌పోర్ట్ మీలో చాలామందికి తెలుసు. కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో ఉంటుంది. 2021 మార్చిలో తెరిచి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. వెయ్యి ఎకరాల నేల, చుట్టూ గోడ. గోడకు ఇవతల కంది, ఆముదం, కొర్ర చేన్లు, రాళ్ల గుట్టలు, కంపచెట్లు. రెండేళ్లుగా వీలైన ప్రతి ఆదివారం పొద్దున్నే బైకేసుకుని ఆ వైపు పోతున్నాను, పిట్టలు చూడటానికి. ఈ మాట చెబితే మా విద్యార్థి ఒకడు, “సార్, ఉద్యమం వదిలి పిట్టల మీద పడినారేంది?” అన్నాడు. వదల్లేదు నాయనా. దిద్దాల్సిన పేపర్లు, ధర్నాలు, వాట్సాప్ గ్రూపుల్లో మనలో మనం కొట్టుకోవడం... వారంలో ఒక్క పూటన్నా ఎవరికీ జవాబు చెప్పకుండా నిలబడాలనిపించింది, అంతే. రోహిత్ తన చివరి ఉత్తరంలో నక్షత్రాల మీద, ప్రకృతి మీద తనకున్న ప్రేమ గురించి రాసుకున్నాడు కదా. ఆ ఉత్తరాన్ని మనం ఎన్నో సభల్లో చదివాం. ఆ వాక్యం దగ్గర మాత్రం ఎప్పుడూ ఆగలేదు.

విమానాలు తక్కువ కాబట్టి అక్కడ పిట్టలు ఎక్కువ. రన్‌వే పక్కన పొట్టి గడ్డి, ఖాళీ నేల. తీతువులకు, నేల మీద గూడు పెట్టే చిన్న పిట్టలకు అంతకంటే మంచి చోటు దొరకదు. మనుషులు, మేకలు, కుక్కలు పోలేని వెయ్యి ఎకరాలు మరి.

ఆ రోజు చలి బాగానే ఉంది. కంది చేను మీద ఒక పిల్లిగద్ద, రెక్కలు కాస్త పైకెత్తి పట్టుకుని, ఊపకుండా తేలుతూ పోతోంది. ఇవి చలికాలంలో కజకిస్తాన్ గడ్డినేలల నుంచి వస్తాయి, మన చేన్లలో మిడతలు తింటాయి, ఎండలు ముదరక ముందే వెళ్లిపోతాయి. రాత్రిళ్లు నందికొట్కూరు దగ్గర రోళ్లపాడు గడ్డిలో గుంపులుగా పడుకుంటాయి. రోళ్లపాడును 1988లో అభయారణ్యం చేసింది బట్టమేక కోసం. బట్టమేక ఇప్పుడు కనబడటమే గగనం, గద్దలు మాత్రం వస్తున్నాయి.

నేను బైనాక్యులర్ కళ్లకు పెట్టుకుని ఉంటే వెనక బండి ఆగింది.

“ఏం సార్, మళ్లా కొలతలు పడతాండారా?”

ఆ ప్రాంతంలో ప్యాంటూ చొక్కా వేసుకుని, చేతిలో ఏదో పరికరం పట్టుకుని చేను వైపు చూసేవాడంటే సర్వేయరే. ఎయిర్‌పోర్ట్, సోలార్ పార్క్, ఫ్యాక్టరీలు అని కొలిచీ కొలిచీ జనాన్ని అట్లా తయారుచేశారు. పిట్టలు చూస్తున్నానని చెప్పాను.

“పిట్టలా? యా ఆఫీసు సార్ మీది?”

కాలేజీలో లెక్చరర్‌ని అన్నాను.

“మంచిది సార్. యా ఊరు మీది?”

చెప్పాను.

“ఆ ఊర్లో ఎవురి కొడుకు?”

మా నాయన పేరు చెప్పాను. ఆయన బండి స్టాండు వేసి దిగాడు.

“ఓ, నువ్వు వాని కొడుకువా! బాగానే సదువుకున్న్యావే.”

కులం అడగలేదు, చూడండి. అడగాల్సిన పనే లేదు. మన దగ్గర ‘ఎవురి కొడుకు’ అన్న ప్రశ్నలోనే అన్నీ ఉంటాయి.

తర్వాత నవ్వుతూ అన్నాడు: “మీ జేజినాయనకు తెలియని పిట్టలా ఇవి? గొడ్డు సచ్చిందంటే రాబందుల కంటే ముందు ఆయప్పే వచ్చుండె.” పోతూ పోతూ “పాములుంటాయి, సూసుకో” అని కూడా చెప్పాడు. మనిషి చెడ్డవాడని నేను అనను.

2020 మే 25న న్యూయార్క్ సెంట్రల్ పార్కులో క్రిస్టియన్ కూపర్ అనే నల్లజాతి ఆయన పిట్టలు చూస్తూ, కుక్కకు తాడు కట్టమని ఒక తెల్ల స్త్రీని అడిగాడు. ఆమె పోలీసులకు ఫోన్ చేసి, ఒక నల్లవాడు తనను బెదిరిస్తున్నాడని చెప్పింది. అదే రోజు మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు మోకాలితో నొక్కి చంపాడు. ఆ వారం తిరగకముందే అక్కడి నల్లజాతి యువతీయువకులు ‘బ్లాక్ బర్డర్స్ వీక్’ మొదలుపెట్టారు. నా మీద ఎవరూ పోలీసులను పిలవలేదు. నాకు జరిగింది దానితో సమానమని చెప్పడం లేదు. బైనాక్యులర్ పట్టుకున్న మనిషి ఎవరన్నది తెలిశాక ఎదుటివాళ్ల గొంతు మారడం మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఇంటికొచ్చాక కూడా ఆ పెద్దమనిషి మాటే తిరుగుతోంది. అవమానించడానికే అన్నాడు. కానీ అన్నది నిజం.

మేం మాదిగలం. జేజినాయన చచ్చిన గొడ్లను మోసుకుపోయి తోలు తీసేవాడు. ఏ చేన్లో గొడ్డు పడిందో కబురు రాకముందే ఆకాశం చూసి చెప్పేవాడట. రాబందులు తిరుగుతూ కిందికి దిగుతున్నాయా, ఊరికే గాలి మీద ఎక్కుతున్నాయా, తేడా ఆయనకు తెలుసు. రాబందు ముక్కుకు గొడ్డు తోలు అంత సులభంగా లొంగదు. అవి దూరంగా కూర్చుని ఎదురుచూసేవి. తోలు తీసి ఈయన లేచాక అవి దిగేవి. సాయంత్రానికి ఎముకలు మిగిలేవి. “మనం ఇప్పకపోతే వాటికి తిండి లేదు, అవి సూపకపోతే మనకు తోలు లేదు” అని అనేవాడని అమ్మ చెబుతుంది.

నేను రాబందును చూడలేదు. చూసే వయసొచ్చేసరికి అవి లేవు. 1992కీ 2007కీ మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా పోయాయి. ఎందుకు పోతున్నాయో చాలా ఏళ్లు అర్థం కాలేదు. 2004లో తేలింది: నొప్పికి, వాపుకి పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్. మందు వేసిన పశువు చస్తే, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు పాడై చచ్చిపోతుంది. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని ప్రభుత్వం నిషేధించింది. అప్పటికి మా ఊరి ఆకాశం ఖాళీ.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ పని పోయినందుకు నాకు బాధ లేదు. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ చచ్చిన గొడ్డు మాంసం తినడం మానమని ఎందుకు చెప్పాడో నాకు తెలుసు. మా నాయన తొమ్మిదో తరగతిలో ఉండగా, ఇక మోయనని జేజినాయనతో తగువు పడి మానిపించాడు. ఆ తగువే లేకపోతే నా పీహెచ్‌డీ లేదు. మా ఇంట్లో పని పోవడం, ఆకాశంలో రాబందు పోవడం దాదాపు ఒకే కాలంలో జరిగాయి. ఒకటి మేం గెలిచింది. రెండోది ఎవరూ గెలవనిది. ఆకాశం చదివే ఆ విద్య మాత్రం రెంటి మధ్యలో పడి పోయింది. నాయన నేర్చుకోలేదు, నేర్చుకుంటే మళ్లీ ఆ పనికే పిలుస్తారన్న భయంతో. నేను ఇప్పుడు డబ్బు పెట్టి కొన్న అద్దాలతో, ఇంగ్లీషు పుస్తకం పక్కన పెట్టుకుని నేర్చుకుంటున్నాను.

ఎయిర్‌పోర్ట్ సంగతి చెప్పి ముందుకు పోతాను. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 91వ నిబంధన ఒకటుంది. విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల లోపల పశువును కోయకూడదు, తోలు తీయకూడదు, చెత్త పడేయకూడదు, రాబందులూ గద్దలూ వస్తాయి కాబట్టి. కారణం న్యాయమైనదే. నాలుగైదు కిలోల పక్షి ఇంజిన్‌లో పడితే విమానంలో ఉన్నవాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది. కానీ ఆ మూడు పనుల పేర్లు మళ్లీ చదవండి. కోత, తోలు, చెత్త. ఏ వాడలో వాళ్లు చేసే పనులివి? నిబంధనలో కులం లేదు, నిజమే. ఆ పెద్దమనిషి ప్రశ్నల్లోనూ లేదు.

నేను చదివింది తెలుగు సాహిత్యం. ప్రబంధాల్లో హంసలు, చకోరాలు, చిలకలు, కోయిలలు గుంపులుగా ఉంటాయి. చకోరం వెన్నెల తాగుతుంది, హంస పాలూ నీళ్లూ వేరుచేస్తుంది. కంది చేన్లో కలుపు తీసే ఆడమనిషి కాళ్ల దగ్గర నుంచి లేచే పూరేడు ఎక్కడా గుర్తులేదు నాకు. ఎంఏలో పంచతంత్రం చదివినప్పుడు ‘టిట్టిభం’ వచ్చింది. గుడ్లను సముద్రం మింగితే ఆ సముద్రంతోనే తగువుకు దిగిన పిట్ట. పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. టిట్టిభమంటే మా చేన్లో అరిచే తీతువేనని మొన్న మొన్న, ముప్పై దాటాక తెలిసింది. ఇదీ నా చదువు.

జాషువా ఒక్కడు వేరే దారి పట్టాడు. 1941లో వచ్చిన ‘గబ్బిలం’లో హంసనో మేఘాన్నో కాక, అందరూ అశుభమని తరిమే గబ్బిలాన్ని పంపాడు శివుడి దగ్గరికి. గుడిలోకి ఆ అరుంధతీ సుతుడు పోలేడు, గబ్బిలం పోగలదు. పాఠం చెప్పేటప్పుడు దీన్ని సందేశ కావ్యమని, మేఘసందేశంతో పోల్చమని చెబుతాం. జాషువా ఆ జీవిని ఎంత దగ్గర నుంచి చూసి ఉంటాడో కూడా అడగాలి పిల్లల్ని.

మా పక్క కడప జిల్లాలో ఇంకో పిట్ట కథ ఉంది. కలివికోడి. 1848లో జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టర్ సేకరించిన పిట్ట ఆధారంగా దానికి శాస్త్రీయ నామం పెట్టారు. ఇంగ్లీషులో ఇప్పటికీ అది జెర్డన్ పేరుతోనే ఉంది. 1900 తర్వాత శాస్త్రవేత్తలకు కనబడలేదు, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు లంకమల కొండల వైపు వెతుకుతుంటే, రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే పిట్టలు పట్టే మనిషి రాత్రిపూట దాన్ని పట్టి తెచ్చాడు. 89 ఏళ్ల సలీం అలీ ఆ వార్త విని కడపకు బయలుదేరాడు. ఆ పిట్ట బతకలేదు, వార్త మాత్రం ప్రపంచమంతా పాకింది: 86 ఏళ్ల తర్వాత తిరిగి దొరికింది అని.

ఎవరికి తిరిగి దొరికింది? కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి దానికి కలివికోడి అని పేరు పెట్టిన మనుషులు ఆ 86 ఏళ్లూ అక్కడే ఉన్నారు కదా. జెర్డన్ 1862–64లో అచ్చువేసిన పక్షుల పుస్తకంలో తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు, అందుకు ఆయనకు దండం పెడతాను. మన నిఘంటువులు పట్టించుకోని పేర్లు అక్కడ దొరుకుతాయి. పుస్తకం మీద ఆయన పేరుంది. ఆ పేర్లు చెప్పినవాళ్లది లేదు. ఐతన్న పేరన్నా మిగిలింది, అది మేలు.

ఇదంతా తలలో తిరిగి, ఈ ఆదివారం అమ్మను బండి మీద ఎక్కించుకుని పోయాను. “పిట్టల్ని సూసేకి నేనెందుకు రా, మోకాళ్ల నొప్పులతో” అంది గానీ వచ్చింది. బైనాక్యులర్ ఇస్తే ఒకసారి పెట్టుకుని తీసేసింది. “కండ్లు తిరుగుతాండాయి. ఊరకే కనపడతాంటే ఇదెందుకు?”

గోడ పక్కన దారిలో నడుస్తుంటే నన్ను చెయ్యి పట్టి ఆపింది. తీతువు ఒకటి నేల మీద కుంటుతున్నట్టు నటిస్తూ అరుస్తోంది. “గుడ్లుండాయి. కాలు సూసి పెట్టు.” నేను వంగి చూశాను, ఏమీ లేదు. ఆమె వేలితో చూపించాక కనిపించాయి, రాళ్లలో రాళ్లలాగా నాలుగు. “కలుపు తీసేటప్పుడు అంత మేర సాలు వదిలి పక్కకు పోతాంటిమి. మేస్త్రీ అరుస్తాండె, ఆడ ఎందుకు వదిలినారని.”

వైరు మీద నల్లపిట్టల్ని చూసి “పసులపోలిగాళ్లు” అంది. పుస్తకంలో ఉన్న ఇంగ్లీషు పేరు కంటే ఈ పేరులోనే దాని పనంతా ఉంది: పశువు వీపు మీద కూర్చుని, అది నడుస్తుంటే లేచే పురుగుల్ని పట్టుకుంటుంది. కౌజు అరుపు విని, ఏ కంప వెనక ఉందో చెప్పింది. పొద్దెక్కే దాకా ఆమె చెబుతూ ఉంది, నేను నోటు పుస్తకంలో రాసుకుంటూ ఉన్నాను.

నన్ను ఆపిందెవరని అడిగింది. చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

“ఆ యప్ప చేన్లో పన్నెండేండ్లు కలుపు తీసినా. ఆ చేన్లో తీతువు యాడ గూడు పెడతాదో ఆయప్పకు ఇప్పటికీ తెల్దు.”

తిరిగి వచ్చేముందు పేజీ కింద తేదీ, చోటు రాసి, చూసినవాళ్లు అన్న దగ్గర ముందు అమ్మ పేరు, తర్వాత నా పేరు రాశాను. ఏం రాసినావో చదువు అంది. చదివాను.

“పసులపోలిగాళ్లు తొమ్మిది కాదు రా, పదకొండు. రెండు కంబం యెనకాల ఉండె, నువ్వు సూల్లేదు.”

కొట్టేసి పదకొండు అని రాశాను.

జై భీమ్.